మహబూబ్ పాషా, మా తాత తుపాకీ

రోజూ మలక్‌పేటలో మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్‌లో దిగి కాలేజీ బస్సు పట్టుకుంటాను. మనలో సగం మంది రూటు ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల జనం దిగిపోతారు, చైతన్యపురిలో కాస్త గాలి ఆడుతుంది, తర్వాత విక్టోరియా మెమోరియల్. ఆ స్టేషన్‌కి ఆ పేరు ఎందుకొచ్చిందో రెండేళ్లపాటు నేను పట్టించుకోలేదు. ఇంగ్లండ్ రాణికీ కొత్తపేటకీ ఏం సంబంధం అని ఒకరోజు అనుమానమొచ్చి వెతకడం మొదలుపెడితే, అది ఒక వేటగాడి దగ్గర తేలింది. ఆయన ఆరో నిజాం, మీర్ మహబూబ్ అలీ ఖాన్. హైదరాబాద్ జనానికి మహబూబ్ అలీ పాషా.

ఆయన గురించి రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. అది మా తాత తుపాకీ. ముందు దాని సంగతి చెప్పి రాజుగారి దగ్గరికి వస్తాను.

మాది ఇబ్రహీంపట్నం దాటాక ఒక ఊరు. పంటల మీదికి పందులొస్తాయని తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది. జోడు గొట్టాలది, పన్నెండు బోరు, ఆయన కంటే పాతది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. కుర్రతనంలో పిట్టల వేట బాగా ఆడాడట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మానేశాడు. కానీ ఏడాదికోసారి పాత తూటాలు కాల్చేసి కొత్తవి తెచ్చుకునేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆ పని దగ్గరుండి చూశాను.

పేపర్లు నాలుగు అతికించి పెద్ద షీటు చేశాడు. దారం, బొగ్గుముక్క పెట్టి మధ్యలో ముప్పై అంగుళాల గుండ్రం గీశాడు. బావి అవతల గట్టుకు దాన్ని తగిలించి నలభై గజాలు కొలిచి కుడి గొట్టం పేల్చాడు. తర్వాత కొత్త షీటు పెట్టి ఎడమ గొట్టం. బొక్కలు లెక్కపెట్టే పని నాది. పెన్నుతో ఒక్కో బొక్కకీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. కుడిదానికి నూట ఇరవై దాకా, ఎడమదానికి రెండొందలకి కాస్త అటూ ఇటూ వచ్చాయి. ఒకే తూటా, అంతే మందు, అన్నే ఛర్రాలు, లెక్క మాత్రం వేరు. ఎడమ గొట్టం మూతి దగ్గర కొంచెం సన్నబడి ఉంటుందని, అందుకే ఛర్రా చెదరకుండా గుంపుగా పోతుందని తాత చెప్పాడు. దాన్నే చోక్ అంటారు.

పన్నెండు బోరు అంటే ఏంటో బీటెక్‌కి వచ్చాక లెక్క చూసుకున్నాను. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో గొట్టం లోపలి వ్యాసం అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. సీసం సాంద్రత వేసి మీరూ చూసుకోవచ్చు, సరిగ్గా వస్తుంది. ఇంగ్లీషు కొలత ప్రకారం ఆరో నంబరు ఛర్రా ఔన్సుకి 270 ఉంటాయి. తూటాలో ఔన్సుంపాతిక కంటే కాస్త తక్కువ, అంటే ఔన్సూ ఔన్సులో ఎనిమిదో వంతూ పోస్తే మూడొందల నాలుగు. చోక్ లేని గొట్టం వాటిలో నలభై శాతాన్ని ఆ గుండ్రంలో పెడుతుంది, పూర్తి చోక్ ఉన్నది డెబ్బై శాతాన్ని. తాత బావిగట్టు మీద చేసింది తుపాకులు చేసే వాళ్లు చేసే పరీక్షే.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ లెక్క కాదు. కుడి గొట్టం షీటు మీద ఒక మూల అరచేయంత ఖాళీ ఉంది, ఒక్క బొక్కా లేదు. అక్కడ పిట్ట ఉంటే బతికిపోతుంది కదా అని సంబరపడ్డాను. తాత తల అడ్డంగా ఊపాడు. ఆ ఖాళీ అంచున ఉన్న పిట్టకి ఒకటో రెండో ఛర్రాలు తగులుతాయని, అది ఎగిరిపోయి ఎక్కడో ముళ్లపొదలో పడి రెండు రోజులకి చస్తుందని, ఆ పాపం కాల్చినవాడిదేనని చెప్పాడు. తన తుపాకీ ఎంత దూరంలో ఎలా చెదురుతుందో తెలియనివాడు దాన్ని ముట్టుకోకూడదని ఆయన పట్టుదల.

ఇక రాజుగారు.

మహబూబ్ అలీ 1866లో పుట్టాడు. తండ్రి అఫ్జల్ ఉద్దౌలా 1869 ఫిబ్రవరిలో పోయాడు. అంటే రెండున్నరేళ్ల పిల్లాడు ఇంగ్లండ్ కంటే పెద్ద రాజ్యానికి నిజాం అయ్యాడు. రాజ్యం నడిపింది దివాన్ సాలార్ జంగ్, ఆయనతో పాటు పాయెగా పెద్ద షంసుల్ ఉమ్రా. వీళ్లిద్దరి మీద ఓ కన్నేసి ఉంచడానికి కోఠిలో బ్రిటిష్ రెసిడెంటు. చదువు చెప్పడానికి క్లర్క్ అనే ఇంగ్లీషు కెప్టెన్ని తెచ్చారు. ఏం తినాలి, ఏం చదవాలి, ఎవరిని కలవాలి, ఎప్పుడు బయటికి వెళ్లాలి, అన్నీ వేరేవాళ్లు తేల్చేవాళ్లు. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ, ఇంగ్లీషు నేర్పారు. వాటితో పాటే గుర్రం, తుపాకీ.

తుపాకుల చరిత్రలో ఆయన బాల్యం చాలా తమాషా సమయంలో పడింది. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు, 1875 ప్రాంతంలో, బర్మింగ్‌హామ్‌లో గ్రీనర్ అనే తయారీదారుడు చోక్ గొట్టాలకి పేరు తెచ్చాడు. అదే ఏడు, అదే ఊళ్లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బయటికి సుత్తులు కనపడని తుపాకీకి పేటెంటు తీసుకున్నారు. అప్పటిదాకా ఉన్న నల్లమందు పేల్చగానే కళ్లముందు పొగ తెర లేచేది, రెండో గొట్టం పేల్చాలంటే ఏమీ కనపడేది కాదు. 1880ల నుంచి పొగ తక్కువ వచ్చే నైట్రో మందు వాడకం పెరిగింది. పాత డమాస్కస్ గొట్టాలు, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి చుట్టి అతికినవి, వాటి స్థానంలో ఒకే ఉక్కు ముక్కతో చేసినవి రాసాగాయి. మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రం ఉక్కు కత్తులకి పేరుపడిన డమాస్కస్ వేరు, ఈ గొట్టాల డమాస్కస్ వేరు. పేరు, పైన తేలే నీటి అలల్లాంటి గీతలు మాత్రం ఒకేలా ఉంటాయి.

కొత్త మందు పాత గొట్టంలో వేస్తే ఏమవుతుంది అన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో ప్రూఫ్ హౌస్‌లు ఉండేవి. మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి, గొట్టం తట్టుకుంటే ముద్ర కొట్టేవాళ్లు. మా తాతకి ఈ గొడవ ఇంకో రకంగా అనుభవమైంది. పాత తుపాకుల చేంబరు చాలావాటికి 65 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకసారి ఒక దుకాణంలో 70 మిల్లీమీటర్ల తూటాలు అంటగట్టారు. లోపలికి బాగానే దూరాయి. తూటా మూతి మడత పేలినప్పుడు విచ్చుకుంటుంది, దానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరిగిపోయింది. భుజం వారం రోజులు వాచింది. గొట్టం పగలకపోవడం అదృష్టం అని బందూకులు బాగుచేసే ఆయన చూసి చెప్పాడు. లోపలికి దూరింది కదా అని సరిపోయినట్టు కాదని ఆరోజు నేర్చుకున్నాను. తర్వాత మెషిన్ డిజైన్ క్లాసులో టాలరెన్సుల పాఠం నాకు కొత్తగా అనిపించలేదు.

1883లో సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా పోయాడు. మరుసటేడు 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ రిపన్ వచ్చి పదిహేడేళ్ల మహబూబ్ అలీకి అధికారాలు అప్పగించాడు. పేరుకి పూర్తి అధికారం. కానీ దివాన్‌ని మార్చాలన్నా రెసిడెంటు మొహం చూడాల్సిందే. దర్బారులో వర్గాలు, కుట్రలు. ఆయన మెల్లగా రాత్రిని పగలు చేసుకున్నాడు, లేచేది మధ్యాహ్నం, మందు ఎక్కువ, ఫైళ్లు నెలల తరబడి కదిలేవి కావు. ఆసఫ్ అన్న కలం పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు, దాగ్ దెహల్వీని గురువుగా పెట్టుకున్నాడు.

అదే మనిషి అడవిలోకి వెళ్తే వేరేగా ఉండేవాడట. పెద్ద జంతువులకి రెండు గొట్టాల ఎక్స్‌ప్రెస్ రైఫిల్, చెరువు మీది బాతులకి, చెలకల్లోని కౌజులకి జోడు గొట్టాల షాట్‌గన్ వాడే కాలం అది. గాల్లోకి ఎగరేసిన రూపాయి బిళ్లని కొట్టేవాడని చెప్పుకుంటారు. ముప్పైకి పైగా పులుల్ని చంపాడని, తీస్ మార్ ఖాన్ అన్న మాటని జనం ఆయనకే తగిలించారని అంటారు. నాకనిపించేది ఏంటంటే, పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు చెప్పినట్టు నడిచిన మనిషికి, ఎప్పుడు పేల్చాలి అన్నది ఒక్కటే పూర్తిగా తన చేతిలో ఉన్న నిర్ణయం. ట్రిగ్గర్ మీద రెసిడెంటు వేలు ఉండదు కదా.

మన తూర్పు హైదరాబాద్ అప్పుడు ఊరికి బయట. సరూర్‌నగర్ చెరువు, దాని చుట్టూ గుట్టలు, గడ్డిమైదానాలు, కృష్ణజింకల మందలు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటే టీవీ టవర్ దగ్గర గుట్టమీద కోట లాంటి రాతి కట్టడం ఉంటుంది, ఆస్మాన్‌గఢ్. 1885లో సర్ ఆస్మాన్ జా వేటకీ విశ్రాంతికీ కట్టించుకున్నాడు. 1887 తర్వాత ఆయనే దివాన్ అయ్యాడు. ఆయన హయాంలోనే, 1891లో జాకబ్ వజ్రం గొడవ వచ్చింది. అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారితో 46 లక్షలకి బేరం, 23 లక్షలు ముందే చెల్లింపు, తర్వాత నిజాం వద్దనడం, కలకత్తాలో కేసు. నిజాం వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. వజ్రం చివరికి చేతికొచ్చింది కానీ పరువు పోయిందని ఆయన దాని మొహం చూడలేదంటారు. ఇప్పుడది భారత ప్రభుత్వం దగ్గర ఉంది.

ఇక మన స్టేషన్ పేరు. సరూర్‌నగర్ దగ్గర మహబూబ్ అలీ తన కోసం ఒక ప్యాలెస్ కట్టించాడు. ప్రవేశానికి బయల్దేరితే అపశకునం ఎదురైందని, అందుకే వదిలేశాడని కథ. 1901లో విక్టోరియా రాణి పోయింది. ఆ భవనాన్ని ఆమె పేరుతో అనాథ పిల్లలకి ఇచ్చేశాడు. అదే వి.ఎం. హోమ్. శకునం నిజమో కాదో గానీ, నూట ఇరవై ఏళ్లుగా తల్లీతండ్రీ లేని పిల్లలు అక్కడ పెరిగారు. రెండున్నరేళ్లకే తండ్రి పోయిన రాజు ఇచ్చిన ఇల్లు అది. మెట్రోలోంచి చూస్తే చెట్ల మధ్య కనిపిస్తుంది.

ఆయన ఫొటోలు మనకి దొరుకుతున్నాయంటే రాజా దీన్‌దయాళ్ చలవ. ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా వేటలకి కెమెరా మోసుకెళ్లాడు. దీన్‌దయాళ్ ఫొటోల్లో బాగా పేరున్నది 1902 ఏప్రిల్‌లో వరంగల్ దగ్గర నెక్కొండలో తీసింది. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర చచ్చిన పులి. ఆ అడవి నిజాంది, ఏర్పాట్లు నిజాంవి. పులిని తోలడానికి డప్పులు కొడుతూ హాకా చేసే పల్లె జనం చాలాచోట్ల వెట్టికి వచ్చినవాళ్లే, ఇలాంటి ఫొటోల కింద వాళ్ల పేర్లు ఉండవు.

ఆ ఫొటోకి ముందు, మార్చి చివర, హైదరాబాద్‌లో ఇంకొకటి జరిగింది. బేరార్ అనే పత్తి పండే ప్రాంతాన్ని 1853లో సైన్యం ఖర్చు బాకీ కింద ఇంగ్లీషువాళ్లు తమ చేతిలోకి తీసుకున్నారు. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని సాలార్ జంగ్ జీవితమంతా తిరిగాడు, సాధించలేకపోయాడు. కర్జన్ నిజాంతో ఏకాంతంగా కూర్చుని, బేరార్ ఇక ఎప్పటికీ తిరిగి రాదని తేల్చేశాడు. ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలు అన్నాడు. మంత్రులు పక్కన లేరు. మహబూబ్ అలీ ఒప్పుకున్నాడు. నవంబరులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తర్వాత ఆయనకి జి.సి.బి. అనే బిరుదు ఇచ్చారు. ఆ మూడక్షరాల్ని హైదరాబాద్ జనం గేవ్ కర్జన్ బేరార్ అని విడదీసి నవ్వుకున్నారు.

ఎగిరే రూపాయిని కొట్టగలిగిన మనిషి ఎదురుగా కూర్చున్న వేటగాడిని చూసి ఎందుకు తగ్గాడు? నేను చాలాసేపు ఆలోచించాను. తాత షీటు గుర్తొచ్చింది. ఆయన మంచితనం చోక్ లేని గొట్టం లాంటిది. అందరి మీదా కాస్త కాస్త పడేది, ఒకేచోట గట్టిగా నిలబడాల్సి వచ్చినప్పుడు చెదిరిపోయేది. ఇది నా ఊహ మాత్రమే. వెనక ఇంగ్లీషు పటాలం ఉన్నవాడితో కాదనడం ఎవరికైనా తేలిక కాదని కూడా తెలుసు.

కానీ అలా చెదిరి పడడమే జనానికి కావలసిన రోజు కూడా వచ్చింది. 1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడీ ప్రాంతాలు కొట్టుకుపోయాయి. చచ్చిపోయినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. మహబూబ్ అలీ తన ప్యాలెస్‌ల తలుపులు తీయించి జనాన్ని లోపలికి రానిచ్చాడు, వంటశాలలు పెట్టించాడు. మూసీ ఒడ్డున నిలబడి హిందువుల పద్ధతిలో నదికి చీర, కొబ్బరికాయ సమర్పించాడని ఇప్పటికీ పాతబస్తీలో చెప్పుకుంటారు. మరుసటేడు విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన పథకంలోంచే వచ్చాయి, పూర్తయ్యేసరికి కొడుకు ఉస్మాన్ అలీ కాలం.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో మహబూబ్ అలీ పోయాడు. నలభై ఐదేళ్లే. మక్కా మసీదు ఆవరణలో వరసగా ఉన్న నిజాంల సమాధుల్లో ఆయనదీ ఉంది. పాము కరిస్తే ఆయన పేరు చెప్పుకుంటే విషం దిగుతుందని జనం నమ్మేవాళ్లు. ఇన్ని జంతువుల్ని చంపిన మనిషి పేరు విషానికి విరుగుడు ఎలా అయిందో నాకు అర్థం కాలేదు, కానీ పాలమూరుకి 1890లో పెట్టిన మహబూబ్‌నగర్ అన్న పేరు కంటే ఈ నమ్మకమే పెద్ద బిరుదు అనిపిస్తుంది.

చివరిగా జింకల సంగతి. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ హైవే మీద, వనస్థలిపురం పక్కన ఉన్న అడవి నిజాంల సొంత వేట మైదానం. వేరేవాళ్లు వేటాడకూడదు కాబట్టి గడ్డి మిగిలింది, గడ్డి మిగిలింది కాబట్టి కృష్ణజింకలు మిగిలాయి. 1975లో దాన్ని మహావీర్ హరిణ వనస్థలి చేశారు, మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా. సుమారు 14.59 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్న మిగతా మైదానాలన్నీ ప్లాట్లయ్యాయి. కృష్ణజింకల మీదికి ఒకప్పుడు నవాబులు ఉసిగొల్పిన చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లోనే ప్రకటించారు. జింకలు మాత్రం ఉన్నాయి. చంపడానికి దాచుకున్న నేల కావడం వల్లే అవి బతికాయి. దీనికి పాషాకి థాంక్స్ చెప్పాలా వద్దా అని నేను ఇంకా తేల్చుకోలేదు. అహింసని బోధించిన మహావీరుడి పేరు ఆ గేటు మీద చూసినప్పుడల్లా ఆయన ఏమనుకునేవాడో అని నవ్వొస్తుంది.

మా తాత పోయిన ఏడు చనిపోయాడు. నాన్న లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకోలేదు, తుపాకీని స్టేషన్లో అప్పగించి వచ్చాడు. ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున మడతపెట్టిన పేపరు దొరికింది. కుడి గొట్టం షీటు. నా పెన్ను టిక్కులు అలాగే ఉన్నాయి. ఒక మూల అరచేయంత ఖాళీ కూడా. దాన్ని హాస్టల్‌కి తెచ్చుకున్నాను.

మొన్న బస్సు ఆటోనగర్ దాటుతుంటే కంచె అవతల నల్లటి మగజింక ఒకటి, మెలితిరిగిన కొమ్ములతో, హారన్లని పట్టించుకోకుండా గడ్డి మేస్తూ కనిపించింది. రోడ్డుకి నలభై గజాలు ఉంటుందేమో. అలవాటుగా దూరం లెక్కపెట్టాను. మరీ అంత దగ్గర.